అయిదో స్టేషన్ నీళ్ళు

సముద్రం ఒడ్డున నిలబడి సముద్రం నీళ్ళు కావాలని అడిగిన మనిషిని కాసులు తన ఇరవయ్యారేళ్ళ బతుకులో చూడలేదు.

తొంభై మూడో సంవత్సరం, జూలై నెల, గోపాలపూర్ ఒడ్డు. పొద్దున్నే వేటనుంచి వచ్చి వల విదిలించుకుంటున్నాడు మనవాడు. తలెత్తి చూస్తే ఎదురుగా ఓ అమ్మాయి. చుడీదారు మీద మగవాళ్ళ రెయిన్‌కోటు, చేతిలో చెక్కపెట్టె, పెట్టె నిండా ఖాళీ గాజుసీసాలు. ఆమెకు పదడుగులు వెనగ్గా, అల తాకని చోట, గొడుగూ కాఫీ ఫ్లాస్కూ పట్టుకుని ఓ పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"పడవ అద్దెకిస్తారా?" అంది.

"సేపలకా?"

"నీళ్ళకి."

కాసులు ఆమెను చూశాడు. సముద్రాన్ని చూశాడు. పెట్టెలోంచి ఓ సీసా తీసి, వచ్చిన అలలో ముంచి, మూత పెట్టి చేతికిచ్చాడు.

"ఇదిగోండి. దీనికి పడవెందుకు? డబ్బులు కూడా ఒద్దు."

ఆమె సీసా పైకెత్తి చూసింది. "ఇందులో పీతపిల్ల ఉంది."

"దానికీ ఒద్దండి."

పడవ మరమ్మతు చేస్తున్న దేముడు కిసుక్కుమన్నాడు. దేముడు కాసులుకి మేనమామ. పడవలో చుక్కాని ఆయనది, మిగతా పెత్తనమంతా మేనల్లుడిది.

అమ్మాయి మాత్రం నవ్వలేదు. "నవ్వుకోవడం అయిపోతే చెప్పండి. లోపలికి అయిదు చోట్లకి వెళ్ళాలి. నెలకోసారి, ఏడాదిపాటు. చోటు మారకూడదు, నెల తప్పకూడదు. తప్పితే నా చదువు తప్పినట్టే."

అలా పరిచయమైంది భారతీదేవి. బరంపురంలో గోసాని నువాగాం వాళ్ళది. యూనివర్సిటీలో సముద్రం మీద పరిశోధన చేస్తోంది. గొడుగు పట్టుకున్న పెద్దాయన ఆమె తండ్రి కొండలుగారు, బరంపురం పట్టుచీరలు నేస్తారు. సముద్రమంటే ఆయనకు హడలు. కానీ కూతురు పడవెక్కిన ప్రతిసారీ, అది తిరిగి వచ్చేదాకా ఒడ్డున నిలబడే ఉంటారు.

ఆమె దగ్గర అయిదు చుక్కలు పెట్టిన మ్యాపుంది, ఒక్కో చుక్కా ఒక స్టేషన్. కాసులు దగ్గర కళ్ళున్నాయి. లైట్‌హౌసు కొన వెనకాల ఉన్న కొండ భుజానికి ఆనినట్టు కనిపిస్తే మూడో స్టేషన్. నడుముకి ఆనితే నాలుగోది. ఒడ్డూ కొబ్బరిచెట్లూ మొత్తం నీళ్ళలో కుంగిపోయి, కొండ ఒక్కటే మిగిలితే అయిదోది. ఆ చుక్కల్నీ ఈ గుర్తుల్నీ కలపడానికి ఇద్దరూ పడవలో మ్యాపు పరుచుకుని గంటసేపు దెబ్బలాడుకున్నారు.

మొదటి ట్రిప్పులోనే, మధ్యలో రెండుసార్లు వాంతి చేసుకుంటూనే, నీళ్ళు పట్టడం కూడా నేర్పింది. రబ్బరు గొట్టం సీసా అడుగుదాకా దించాలి. నెమ్మదిగా నింపాలి. మూడు సీసాల నీళ్ళు పైనుంచి పొర్లిపోవాలి. తరవాత బుడగ లేకుండా మూత బిగించాలి.

"బుడగుంటే ఏటవుద్ది?"

"నీళ్ళలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. లేకపోతే గాలిలోది నీళ్ళలోకి వస్తుంది. ఎటు ఎక్కువుంటే అటునించి ఇటు. సముద్రమంతా అదే పని చేస్తుంది. నీళ్ళలో ఎక్కువుంటే గాలికిస్తుంది, తక్కువుంటే గాలినుంచి తీసుకుంటుంది. ఒక నెల ఇస్తుంది, ఒక నెల తీసుకుంటుంది. ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా. ఎక్కడ, ఎప్పుడు, ఎంత అన్నదే నా థీసిస్."

కాసులు గొట్టంలో నీళ్ళు విదిలించాడు. "అంటే ఎవుడికాడ ఎక్కువుంటే ఆడు పక్కోడికి ఇచ్చీత్తాడు. మా పేటలో అలగ లేదండి."

భారతి నవ్వింది. మొహమంతా నవ్వేసింది. అంతే, మనవాడి పని అయిపోయింది. ఆ రోజునుంచి నెలకి ముప్ఫై రోజులెందుకా అని అతనికి విసుగు పుట్టింది.

ఆగస్టు ట్రిప్పుకి సముద్రం బాగులేదు. వాన పడుతూ ఆగుతూ ఉంది. ఒడ్డు అల దాటుతూనే భారతికి వాంతి మొదలైంది. ఒకటో స్టేషన్లో ఒకసారి, రెండో స్టేషన్లో రెండుసార్లు. మూడోచోటికి లెక్కపెట్టడం మానేశారు. అయినా ప్రతిచోటా లేచి తన సీసా తనే నింపుకుంది. నాలుగో సీసాకి మూత బిగించి, పడవ అడుగున తడిగుడ్డ మొహాన కప్పుకుని పడిపోయింది.

"కాసులుగారూ, అయిదోది మీరు పట్టండి. నేను లేవలేను" అంది గుడ్డ కిందనుంచి.

కాసులు ఆమెనే చూస్తూ కూర్చున్నాడు. పాదాలు తెల్లబడిపోయాయి. పడవ ఎగిరిన ప్రతిసారీ సన్నగా మూలుగుతోంది. అయిదో స్టేషనంటే ఇంకో గంట పోవాలి, మళ్ళీ గంటన్నర రావాలి. అతను పుట్టి బుద్ధెరిగాక ఎవరిమీదా అంత జాలి పడలేదు.

దేముడు కళ్ళతోనే అడిగాడు. కాసులు చేత్తో ఒడ్డువైపు చూపించాడు.

పడవ తిరిగింది. కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఇసుకమేట చాటున, నీళ్ళు కాస్త నిలకడగా ఉన్నాయి. వానలకి అక్కడంతా ఎర్రగా ఉంది. ఇంజను ఆగిన చప్పుడుకి భారతి కదిలింది.

"అయిదో స్టేషనేనా?"

"ఇదేనండి" అన్నాడు కాసులు.

గొట్టం అడుగుదాకా దించాడు. నెమ్మదిగా నింపాడు. మూడు సీసాల నీళ్ళు పొర్లనిచ్చాడు. ఒక్క బుడగ లేదు. అంత శ్రద్ధగా నింపిన సీసాకి అంత అబద్ధపు చీటీ అంటించి పెట్టెలో పెట్టాడు. ఒడ్డు ఎంత తొందరగా వచ్చిందో మగతలో ఉన్న భారతికి తెలియలేదు.

అందులో తప్పుందని అతనికి ఆ రోజు తోచలేదు. ఎందుకు తోస్తుంది? చేపపడ్డ చోటు ఎవరడిగినా వేరేచోటు చెప్పడం వాళ్ళ పేటలో పుట్టుకతో వచ్చిన మర్యాద. తూర్పున పడితే దక్షిణమంటారు. అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు, ఎవరూ ఏమీ అనుకోరు.

రెండు వారాల తరవాత ఓ మధ్యాహ్నం బరంపురం బస్సు దిగి, వానలో గొడుగు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది భారతి. కాసులు పడవ పక్కన టార్పాలిన్ కింద కూర్చుని ఉన్నాడు. వచ్చి పక్కనే చతికిలబడి, చున్నీ కింద దాచిన గ్రాఫు కాయితం తీసింది.

"చూడండి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ మూడొందల యాభై చిల్లర. ఒకటి, రెండు, మూడు, నాలుగు స్టేషన్లు దానికన్నా కిందే. అంటే సముద్రం తీసుకుంటోంది. అయిదో స్టేషన్ చూడండి."

అయిదో చుక్క ఎక్కడో కాయితం నెత్తిన ఉంది.

"నాలుగొందల ఎనభై. ఇస్తోంది. అంత దూరాన, అంత లోతున, ఇస్తోంది. ఉప్పు కూడా బాగా తక్కువ. నది నీళ్ళు వానల్లో అంత దూరం వెళ్తున్నాయని మా గైడ్ సార్ కూడా ఆశ్చర్యపోయారు. మీకు తెలీదు కాసులుగారూ, జూలైలో నేను వాంతులు చేసుకున్నానని తెలిసి ఆయన ఏమన్నారో. 'సముద్రం నీవల్ల కాదమ్మా, లేబొరేటరీలో కూర్చో, సముద్రం పని ఇంకొకరికి ఇచ్చేస్తాను' అన్నారు. ఇప్పుడేమో ఆయనే వచ్చే నెలాఖరున విశాఖపట్నం సెమినార్‌లో నన్ను పేపరు చదవమంటున్నారు."

జుట్టులోంచి నీళ్ళు కారి గ్రాఫు మీద పడుతున్నాయి. ఆమె తుడుస్తోంది, నవ్వుతోంది, మళ్ళీ తుడుస్తోంది.

"మీరు పట్టిన సీసాయే. అందుకే ముందు మీకు చెబుదామని వచ్చాను."

కాసులు చెప్పాలనుకున్నాడు. ఆ మొహం చూసి చెప్పలేకపోయాడు. "మంచిదండి" అన్నాడు. ఆమె వచ్చిన బస్సులోనే వెళ్ళిపోయింది.

ఆ తరవాత రెండు రోజులు మనవాడికి అన్నం సయించలేదు. నానమ్మ జగ్గమ్మ కంచం ముందు కూర్చుని చూసింది, చూసింది, మూడోపూట అడిగేసింది.

"ఏట్రా, ఆ సీసాల గుంట మీద మనసైపోనాదేటి?"

"అయిపోనాది. అది కాదు బాధ." జరిగిందంతా చెప్పాడు.

జగ్గమ్మ బుగ్గన వేలేసుకుంది. "దీనికేనా తిండి మానీసినావు? జాగా నిజం సెప్పినోడు మన పేటలో ఎవుడున్నాడ్రా? కోనాం సేప ఎక్కడ పడతాదో మీ తాత సచ్చేదాకా నాకే సెప్పలేదు."

"మనకి సేప సరుకు నానమ్మా. ఆవిడికి జాగాయే సరుకు. జాగా తప్పయితే ఆ సీసాలో ఉన్నది ఒట్టి ఉప్పునీళ్ళు."

జగ్గమ్మ కంచం పక్కకి జరిపింది. "అయితే ఎల్లి సెప్పీ."

"సెప్తే మరి నా మొకం సూడదు."

"సూడదు. సెప్పకపోతే రోజూ సూత్తాది, నువ్వే ఆవిడి మొకం సూళ్ళేవు. ఏది కావాలో నువ్వే సూసుకో."

ఇస్త్రీ చొక్కా వేసుకుని గోసాని నువాగాంలో భారతి ఇంటికి వెళ్ళాడు. ముందుగదిలో మగ్గం ఆడుతోంది. కొండలుగారు మగ్గం దిగకుండానే, "రా బాబూ, రా. మా అమ్మాయి నీ పేరు చెప్పని రోజు లేదు" అన్నారు. ఆ మాటకి కాసులు ఇంకా కుంగిపోయాడు.

భారతి లోపలినుంచి టీ తెచ్చింది. అతను కప్పు పుచ్చుకోలేదు.

"అయిదో సీసా అయిదో స్టేషన్‌ది కాదండి."

ఆమెకు అర్థం కాలేదు. "మరి?"

"మొగకాడిది. మీకు ఒంట్లో బాగోనేదని పడవ తిప్పీసినాను. ఇదే అయిదోదని అబద్ధం సెప్పినాను."

మగ్గం ఆగిపోయింది. భారతి కప్పు కిటికీలో పెట్టింది.

"ఎందుకు?"

"మీ అవస్త సూళ్ళేకపోనాను."

"నన్నడగొచ్చు కదా?"

"అడిగితే ఒద్దంటారు."

"వద్దనేదాన్నే. అందుకే అడగాలి." గొంతు పెరగలేదు గానీ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "సార్ నావల్ల కాదన్నారు. మీరూ అదే అనుకున్నారు. ఆయన నోటితో అన్నారు, మీరు పడవతో అన్నారు. అంతే తేడా."

కాసులు లేచి నిలబడ్డాడు. వచ్చింది ఎలాగూ చెప్పడానికే కాబట్టి, మిగిలింది కూడా చెప్పేశాడు. "మీరంటే నాకు శానా ఇష్టవండి. ఇష్టంతోనే తప్పు సేసినాను. తప్పయితే తప్పే. సెమినార్‌లో నలుగురి ముందూ మీరు అబద్ధం సదవకూడదని ఒచ్చినాను."

"వెళ్ళండి" అంది భారతి.

వెళ్ళిపోయాడు. బస్సులో కిటికీవైపు తిరిగి ఏడ్చాడు కూడా. ఎవరూ చూడలేదు కాబట్టి మనమూ చూడనట్టే ఉందాం.

మూడు వారాలు గడిచాయి. వచ్చిన ప్రతి బస్సూ ఆగి, మనుషుల్ని దింపి, వెళ్ళిపోయింది. కాసులు వేటకి వెళ్ళాడు, వచ్చాడు. చేప ఎక్కడ పడిందని ఎవరో అడిగితే ఉన్నచోటు ఉన్నట్టు చెప్పేశాడు. అతనికి జ్వరమేమోనని పేటంతా అనుకున్నారు.

సెప్టెంబరు మధ్యలో ఓ పొద్దున్న భారతి వచ్చింది. రెయిన్‌కోటు, చెక్కపెట్టె, వెనకాల కొండలుగారు. కాసులుని చూసి నవ్వలేదు, కోపమూ చూపించలేదు.

"పడవుందా?"

"ఉందండి."

"ఈసారి ఆరు స్టేషన్లు. మొగ దగ్గర సీసా పట్టిన చోటు గుర్తుందా?"

"అడుగు తేడా లేకుండా."

"ముందు అక్కడికి. తరవాత మిగతావి. ఆ నెంబరు తప్పు కాదు, దాని చోటే తప్పు. సార్‌కి అంతా చెప్పాను. పేపరు వెనక్కి తీసుకున్నాం. ఈ నెల ఆరు సీసాలూ నా చేత్తో నేను పట్టి తెస్తే సముద్రం పని నాదే. ఒక్కటి తక్కువైనా లేబొరేటరీయే." ఇంత చెప్పి, సీసాలు సర్దుకోవడానికి పడవవైపు వెళ్ళిపోయింది.

కొండలుగారు గొడుగు ముడిచి కాసులు దగ్గరకొచ్చారు.

"మూడు వారాలు నిన్ను తిట్టింది బాబూ. పొద్దున లేస్తే తిట్టడం, అన్నం తింటూ తిట్టడం. వాళ్ళ గైడ్‌నీ తిట్టింది గానీ ఆయన్ని ఒక్కరోజుతో వదిలేసింది. నిన్ను వదల్లేదు."

కాసులు తల దించుకున్నాడు.

"తండ్రిని కదా, నాకు తెలుస్తుంది. మేం నేతవాళ్ళం, మీరు వేటవాళ్ళు. మావాళ్ళు నాలుగు మాటలంటారు. అననీ. నా ఇంటికొచ్చి, నా ఎదురుగా నీ తప్పు నువ్వే చెప్పావు. నేను చూసిన సంబంధాల్లో ఆ పని చేసేవాడు ఒక్కడూ కనబడలేదు. అయినా దాని మనసు అది చెప్పాలి. నేను చెప్పకూడదు."

పడవ అల దాటింది. మొగ దగ్గర భారతి సీసా నింపుకుంది. నాలుగో స్టేషన్ దాకా బాగానే ఉంది. అక్కడినుంచి గాలి మొదలైంది. పడవ లేచి పడుతోంది. భారతి అంచు పట్టుకుని వంగిపోయింది. ఒకసారి, రెండుసార్లు, నాలుగుసార్లు.

దేముడు మళ్ళీ కళ్ళతో అడిగాడు. కాసులు ఆయన్ని చూడలేదు. పడవ అడుగున పాకుతూ వెళ్ళి ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"భారతీదేవిగారూ, ఇంకా గంటుంది. గాలి పెరుగుతాది గానీ పడవకేటీ అవదు. తిప్పమంటారా, ఎల్లమంటారా?"

ఆమె తలెత్తింది. మొహం పాలిపోయి ఉంది. "వెళ్ళాలి."

"ఎల్దాం" అన్నాడు.

ఆ గంట అతనికి నరకం. ఆమె మూలిగినప్పుడల్లా చెయ్యి చుక్కానివైపు పోబోయేది. దాన్ని ఇంకో చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. నీళ్ళు తాగించాడు, మొహం తుడవడానికి గుడ్డ అందించాడు. పడవని మాత్రం తిప్పమనలేదు. జాలి చూపించడం కన్నా ఆపుకోవడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది.

కొబ్బరిచెట్లు కుంగిపోయాయి. కొండ ఒక్కటే మిగిలింది. దేముడు ఇంజను ఆపాడు.

భారతి లేచింది. కాళ్ళు నిలవడం లేదు. కాసులు ఆమె రెయిన్‌కోటు వెనకనుంచి గట్టిగా పట్టుకున్నాడు, సీసా మాత్రం ముట్టుకోలేదు. గొట్టం దించింది. నింపింది. మూడుసార్లు పొర్లనిచ్చింది. మూత బిగించి, వెలుతురుకి ఎత్తి చూసింది. బుడగ లేదు. సీసాని ఒళ్ళో పెట్టుకుని పడవ అడుగున కూలబడింది.

ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. సన్నగా వాన మొదలైంది. దేముడు ఎందుకో వీపు ఇటు తిప్పి, ఏమీ లేని దూరాన్ని తెగ చూస్తున్నాడు.

"అడగడం వచ్చిందే మీకు" అంది భారతి.

"నేర్పినారు కదండీ."

"ఇంకేమైనా అడగాల్సింది ఉందా?"

"ఒడ్డుకెల్లినాక మీ నాన్నగారిని అడగనా?"

"ముందు ఆయన్నా?" అంది.

కాసులుకి అర్థమైంది. చేతులు పంచెకి తుడుచుకున్నాడు. ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు.

"నన్ను పెళ్ళి సేసుకుంటారా?"

భారతి జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. తెరిచి, సీసా అతని చేతిలో పెట్టేసి, గబుక్కున అంచుమీదకి వంగిపోయింది. కాసులు ఒక చేత్తో సీసా, ఇంకో చేత్తో ఆమె భుజం పట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. తిప్పమనలేదు, తొందరపెట్టలేదు.

కాసేపటికి ఆమె లేచి, వాననీళ్ళతోనే మొహం కడుక్కుంది.

"చేసుకుంటాను" అంది.